రెండు హాళ్ళ లెక్క

నేను లెక్కల మాస్టారిని. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత జరిగినదానికి ఎవరూ ఆశ్చర్యపోరు. బడిలో సాయంత్రం గంట కొట్టగానే మిగతా మాస్టార్లు పాఠాన్ని బల్ల మీదే వదిలేసి ఇళ్ళకు పోతారు. నేను మాత్రం సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాను. సబ్బు కొన్నా, బస్సు పాసు కొన్నా నా బుర్రలో ఒక నిలువు గీతా ఒక అడ్డగీతా లేచి నిలబడతాయి. ఓసారి లీటరుకు చవక పడుతుందని తేల్చి పెద్ద నూనె డబ్బా కొన్నాను. సగం వాడేసరికి నూనె కంపు కొట్టింది. మిగతా సగం మా బావమరిది పట్టుకుపోయి తన సైకిలు షాపులో గొలుసులకు పూశాడు. బావ చదువు వల్ల బాగుపడ్డవి నా గొలుసులేనని ఇప్పటికీ షాపుకొచ్చిన ప్రతివాడికీ చెబుతుంటాడు.

మా ఆవిడ పెద్దాసుపత్రిలో ప్రసవాల వార్డు నర్సు. ఉద్యోగంలో చేరింది మొదలు ఆ వార్డు దాటి బయటికి రాలేదు. ఆవిడ రిటైరయ్యే రోజు దగ్గరపడేసరికి మా అమ్మాయి ఒక మాట అంది. అమ్మ ఇన్నేళ్ళూ అందరిళ్ళ శుభకార్యాలకూ డ్యూటీ ఉందని ఎగ్గొట్టింది, ఈ ఒక్కటీ అమ్మ కోసం మనం చేద్దాం, ఆదివారం మధ్యాహ్నం అందర్నీ పిలిచి భోజనం పెడదాం అని. మా ఆవిడ ఎందుకొచ్చిన ఆర్భాటం, ఇంట్లో నలుగురం కూర్చుని తింటే చాలదా అంది. కానీ అప్పటికే నా చేతిలోకి పెన్సిలు వచ్చేసింది.

మా వీధి చివర రోడ్డుకు అటొకటీ ఇటొకటీ రెండు ఫంక్షను హాళ్ళున్నాయి. ఒకటి పాతది. దాని యజమానురాలు ఒక ముసలావిడ, ఎప్పుడు చూసినా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. హాలు అద్దె ముప్పై వేలు, ఆపైన ప్లేటుకు రెండు వందలు అని చెప్పింది. రెండోది కొత్తది, చల్లగా ఏసీ, కుర్చీలకు తెల్లటి తొడుగులు, టై కట్టుకున్న మేనేజరు. అక్కడ అద్దె అనే మాటే లేదు, ప్లేటుకు ఐదు వందలు.

మామూలు మనిషైతే రెండూ చూసి, నచ్చినదానికి అడ్వాన్సు ఇచ్చి వస్తాడు. నాకు మాత్రం ఎడారిలో నీళ్ళు కనబడినట్టయింది. రేఖీయ ప్రమేయాలు పుస్తకంలోంచి దిగివచ్చి మా వీధి చివర హాళ్ళు కట్టుకుని కూర్చున్నాయి. ఆ రాత్రి భోజనాల బల్ల మీద కంచాలు పక్కకు జరిపి గ్రాఫు కాగితం పరిచాను. భోజనానికి వచ్చిన బావమరిది చెయ్యి కడుక్కోకుండానే చూస్తూ కూర్చున్నాడు.

వచ్చేవాళ్ళ సంఖ్య ఎక్స్ అనుకుందాం అన్నాను. పాత హాలు గీత ముప్పై వేల దగ్గర మొదలవుతుంది, కానీ వాలు తక్కువ, నెమ్మదిగా ఎక్కుతుంది. కొత్త హాలు గీత సున్నా దగ్గర మొదలవుతుంది, కానీ నిటారుగా లేస్తుంది. రెండూ వంద దగ్గర కలుస్తాయి. వందమంది వస్తే ఎక్కడైనా యాభై వేలే. వందకు తక్కువైతే కొత్త హాలు చవక, వంద దాటితే పాత హాలు చవక. ఇంతకంటే అందమైన సంగతి లోకంలో ఏముందన్నట్టు అందరి మొహాలూ చూశాను. మా అమ్మాయి పెరుగు గిన్నె కాగితం మీద పడకుండా పట్టుకుని ఉంది.

"అదంతా సరే బావా, ఇంతకీ ఎంతమంది వస్తారు?" అన్నాడు బావమరిది.

మా ఆవిణ్ణి అడిగాను. ఆవిడ ఉతికిన యూనిఫారం మడతపెడుతూ, ఎంతమందని చెప్పను అంది. సరే, అది కూడా నేనే చూసుకుంటానన్నాను. చుట్టాలు, ఇరుగుపొరుగు, ఆవిడతో పనిచేసే నర్సులు కలిపి అరవై తేలారు. అరవైకి పాత హాలైతే నలభై రెండు వేలు, కొత్త హాలైతే ముప్పై. పన్నెండు వేలు మిగులు. ఆ మిగులుతో నాకొక మంచి వాలుకుర్చీ కొనుక్కోవచ్చని కూడా అనుకున్నాను. ఆవిడ పార్టీకి నేను కుర్చీ కొనుక్కోవడమేమిటని నాకు తట్టనే లేదు.

"పాత హాలే తీసుకుంటే పోదా?" అంది మా ఆవిడ.

"ఎందుకు?"

"అక్కడ కాస్త గాలాడుతుంది."

గాలికి సమీకరణంలో చోటు లేదని నవ్వేశాను. మర్నాడే వెళ్ళి కొత్త హాలుకు అడ్వాన్సు కట్టాను. మూడు రోజుల ముందు సంఖ్య ఖాయం చేయాలి, ఆపైన ఒక్క ప్లేటు కూడా మా వంటింట్లో పుట్టదు అన్నాడు మేనేజరు. లెక్కలవాడితో అలాంటి ఇబ్బందులు రావని ఆయనకు ధైర్యం చెప్పాను.

ఇక్కడితో ఊరుకుని ఉంటే ఇది కథయ్యేది కాదు. కానీ కోడి గుడ్డు పెట్టి కూయకుండా ఉంటుందా?

ఆ వారం తొమ్మిదో తరగతికి సరిగ్గా అదే పాఠం. మధ్యాహ్నం రెండో పీరియడు. సగంమంది కళ్ళు తెరిచి నిద్రపోతారు, మిగతా సగం ఆ మర్యాద కూడా పాటించరు. పుస్తకంలో ఉన్న లెక్క రెండు నీళ్ళ తొట్ల గురించి. తొట్లు నిండినా ఎండినా వాళ్ళకు పట్టదు. అందుకని పుస్తకం మూసి, మా ఇంటి లెక్కే బోర్డు మీద రాశాను. రాసేవాణ్ణి అంకెలు రాసి వదిలేయొచ్చు కదా. ప్రాణమంతా పోసి రాశాను. 'మీ మాస్టారి భార్య పెద్దాసుపత్రి ప్రసవాల వార్డులో పనిచేసి రిటైరవుతున్నారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు విందు. వీధి చివర పాత హాలు, కొత్త హాలు...' అంటూ మొదలుపెట్టి, ఆఖరుకు 'మాస్టారు కొత్త హాలు ఎందుకు ఎంచుకున్నారు? గ్రాఫు గీసి నిరూపించండి' అని ముగించాను.

క్లాసంతా నిటారుగా కూర్చుంది. అంత నిశ్శబ్దం నా ఉద్యోగంలో నేనెరగను. ముందు బెంచీలో ఒక అమ్మాయి ఉంది, నేను వాగుడుకాయ అని పిలుస్తాను. నోరు నొక్కి పట్టుకున్నా మాట చెవుల్లోంచైనా వస్తుంది ఆ పిల్లకు. లేచి నిలబడింది.

"మేం కూడా ఎక్స్‌లో ఉన్నామా సార్?"

ఎంత గొప్ప ప్రశ్న అనుకున్నాను. చరరాశి అంటే ఏమిటో పిల్లకు బోధపడిందని మురిసిపోయాను. "ఎందుకు లేరు? ఎక్స్ అంటేనే అది. అందులో ఎవరైనా ఉండొచ్చు, ఎంతమందైనా ఉండొచ్చు" అన్నాను, చేతులు బార్లా చాచి మరీ. క్లాసులో చిన్న కలకలం రేగింది. అది గణితం పట్ల ఉత్సాహమని నేననుకున్నాను. ఆ లెక్కే ఇంటిపనిగా ఇచ్చాను.

మర్నాడు పుస్తకాలన్నీ బల్ల మీదకు వచ్చాయి. ఒక్కరు కూడా ఎగ్గొట్టలేదు. స్టాఫ్‌రూములో ఆ దొంతర మీద చెయ్యి వేసుకుని, పాఠాన్ని జీవితంతో ముడిపెట్టాలండీ అని తోటివాళ్ళకు గంటసేపు ఉపన్యాసమిచ్చాను. సైన్సు మాస్టారు ఆవలిస్తూ విన్నాడు. అంతటితో తృప్తి పడక క్షౌరశాలలోనూ చెప్పాను, బ్యాంకులోనూ చెప్పాను. అంతా విన్నాక క్షురకుడు, ఐతే ఆదివారం కొట్టు మూసేస్తాను మాస్టారూ అన్నాడు. అంత చెప్పి రావద్దని ఎలా అంటాం? బ్యాంకు గుమాస్తా కూడా అలాగే లెక్కలో చేరాడు.

ఇంకో సంగతి. గురువారం సంతలో ఎవరో తల్లి, మా బడి పిల్లల తల్లే అయివుంటుంది, కూరల సంచీతో ఎదురొచ్చి, "ఎన్నింటికి మాస్టారూ?" అని అడిగింది. ఇంటిపని లెక్కలో గీతలు ఎన్నింటికి కలుస్తాయని అడుగుతోందనుకున్నాను. తల్లిదండ్రులు కూడా కూర్చుని లెక్క చేస్తున్నారంటే ఇంకేం కావాలి? "వందకి" అన్నాను. ఆ సందడిలో ఆవిడకు ఏం వినబడిందో, "ఒంటిగంటకా, సరే సరే" అని తలూపి వెళ్ళిపోయింది. నేను ఆనందంగా వంకాయలు ఏరుకున్నాను. ఆ సాయంత్రమే వెళ్ళి మేనేజరుకు అరవై ఐదు ప్లేట్లు ఖాయం చేశాను. ఆ చివరి ఐదూ నా ఉదారత.

ఆదివారం పన్నెండున్నరకు చుట్టాలు, నర్సులు వచ్చేశారు. మా ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుంది. యూనిఫారం లేకుండా అంతమంది మధ్య నిలబడడం అలవాటు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది. నేను గుమ్మం దగ్గర స్వాగతం చెబుతూ నా ఎక్స్‌ను చూసుకుంటున్నాను. యాభై, యాభై ఐదు, అరవై. గీత మీద గీసినట్టు వచ్చారు. మేనేజరు వైపు చూసి చిరునవ్వు నవ్వాను.

ఒంటిగంటకు వీధి మలుపులో మా తొమ్మిదో తరగతి కనబడింది.

తలలు నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, బారుగా వస్తోంది. పక్కన తల్లులు, కొందరికి తండ్రులు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఒక నాయనమ్మ. ఎవరిదో పెళ్ళి ఊరేగింపేమో అనుకుని పక్కకు తప్పుకుని దారిచ్చాను. వాళ్ళు తిన్నగా మా గుమ్మంలోకే తిరిగారు. వాగుడుకాయ అందరికంటే ముందుంది.

"వచ్చేశాం సార్. మీరు చెప్పినట్టే ఎంతమందైనా" అంది.

వాళ్ళ అమ్మ నాకు దణ్ణం పెట్టిందే కానీ నా వైపు చూడలేదు. ఆవిడ కళ్ళు లోపల ఆకుపచ్చ చీరను వెతుక్కుంటున్నాయి. కనబడగానే గబగబా వెళ్ళి మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. వెనకాలే ఇంకో తల్లి, ఇంకో తల్లి. అప్పటికి నాకు జరిగింది అర్థమైంది. నా లెక్క ముప్పై ఎనిమిది ఇళ్ళకు వెళ్ళింది. అన్ని ఇళ్ళలోనూ తల్లులు 'ప్రసవాల వార్డు' అన్న మాట దగ్గర ఆగిపోయారు. పాఠాన్ని జీవితంతో ముడిపెట్టాలన్నానే, ఆ ముడి ఇప్పుడు నా మెడకు బిగిసింది.

నేను గుమ్మంలోనే నిలబడి లెక్కపెట్టసాగాను. వచ్చిన ప్రతి మొహం మీదా ఐదు వందలని రాసి ఉన్నట్టు కనబడింది. వందో మనిషి ఒక చంటిపిల్ల, తండ్రి భుజం మీద నిద్రపోతూ వచ్చింది. రెండు గీతలూ కలిసే ఆ చోటును బోర్డు మీద ఎన్నోసార్లు గుండ్రంగా చుట్టాను గానీ, అది నోట్లో వేలేసుకుని వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"నాన్నా, మనుషుల్ని చూస్తూ అలా గొణక్కు. బాగోదు" అంది మా అమ్మాయి.

మేనేజరు టై సరిచేసుకుంటూ వచ్చాడు. అరవై ఐదు ప్లేట్లే ఉన్నాయని, ముందే చెప్పానని, హాల్లో నిలబడడానికి కూడా చోటు లేదని అన్నాడు. అన్నీ నిజాలే. నాకు చెమటలు పట్టాయి. క్లాసులో ఎంత చిక్కు లెక్కైనా బోర్డు తుడిచేసి, మిగతాది రేపు చూద్దామనడానికి వీలుంటుంది. ఇక్కడ ఆకలితో ఉన్న పిల్లలు నన్నే చూస్తున్నారు.

బావమరిది నా భుజం తట్టి రోడ్డు వైపు చూపించాడు. పాత హాలు ఆ పూట ఖాళీ. ముసలావిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఇక్కడి సందడి అంతా తీరిగ్గా చూస్తోంది. వెళ్ళి బతిమాలాను. గంటలో అన్నం, రెండు కూరలు చేయిస్తానంది. అద్దెలో ఏమైనా తగ్గిస్తారా అంటే, మిమ్మల్ని ఆరోజు రావద్దని నేనన్నానా అంది. తగ్గించలేదు. బావమరిది వీధిలోని కొట్లన్నీ తిరిగి అరటిపళ్ళూ బిస్కట్లూ తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టాడు. చుట్టాలూ నర్సులూ కొత్త హాల్లో భోజనాలకు కూర్చున్నారు. మిగతావాళ్ళంతా రోడ్డు దాటి పాత హాలుకు నడిచారు. మా ఆవిడ వాళ్ళతోనే వెళ్ళింది.

నేను కూడా వెళ్ళాను. వంట అయ్యేదాకా చెయ్యడానికి నాకు ఏ పనీ లేదు. ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఒకాయన నన్ను పలకరించి, మీకు తెలుసో తెలియదో, మా వాడు పుట్టినరోజు నేను ఆసుపత్రి వరండాలో స్పృహ తప్పి పడిపోయానన్నాడు. సిస్టరమ్మ తనను దాటుకుని పోతూ, ముందు మీ ఆవిడ పని చూస్తాను, తర్వాత నీ సంగతి, అంతదాకా అక్కడే పడుకో అందట. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ అంత జోకు వేయగలదని నాకు తెలియదు. ఇంట్లో జోకులు వేసేది నేనే. నవ్వేది కూడా నేనే.

తర్వాత వాగుడుకాయ తల్లి వచ్చింది.

"ఇది పుట్టినప్పుడు ఏడవలేదు సార్" అంది. "ఎంతసేపటికీ ఏడవలేదు. పక్కనున్నవాళ్ళు గోడ వైపు తిరిగిపోయారు. సిస్టరమ్మ మాత్రం వీపు రుద్దుతూనే ఉన్నారు. ఏడువు తల్లీ, ఒక్కసారి ఏడువు అంటూ. చివరికి కీచుమంది. అప్పుడు నేలమీద కూర్చుని ఈవిడ ఏడ్చారు."

నేను వాగుడుకాయ వైపు చూశాను. ముసలావిడ దగ్గర నిలబడి ఏదో ఊపిరి తీసుకోకుండా చెబుతోంది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయిందే అని ఆ పిల్లను నేను అనని రోజు లేదు. నోరు తెరిపించడానికి ఒకరు అంత పాటుపడ్డారని నాకెవరు చెప్పారు?

మా ఆవిడ పక్కకు వచ్చినప్పుడు అదే అడిగాను, ఈ సంగతులేవీ నాకెప్పుడూ చెప్పలేదేమని.

"చెప్పబోయానండీ. గ్యాసు బండ ఎన్ని రోజులొచ్చిందని అడిగారు మీరు" అంది. కోపంగా అనలేదు. చెంగుతో నా నుదుటి మీద చెమట తుడిచి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

భోజనాలు మూడున్నరకు అయ్యాయి. అన్నం కాస్త పలుకుగానే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు నేనొక మూల కూర్చుని జేబులోంచి కాగితం తీశాను. కొత్త హాలుకు ముప్పై రెండు వేల ఐదు వందలు. పాత హాల్లో తిన్నది నూట ఇరవై ఐదు మంది, అద్దెతో కలిపి యాభై ఐదు వేలు. మొత్తం ఎనభై ఏడున్నర వేలు. ఆవిడ మాట విని అందర్నీ పాత హాలుకే పిలిచి ఉంటే అరవై ఎనిమిది వేలతో పోయేది. రెండు గీతలు గీసి ఏది చవకో తేల్చిన మాస్టార్లు చాలామంది ఉంటారు. రెండు గీతల మీదా నడిచి, రెండు చోట్లా డబ్బు కట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

కొందరు తండ్రులు వచ్చి తలా కొంత వేసుకుంటామన్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు. నేనింకా ఏమనాలో ఆలోచించుకుంటూ ఉండగానే ఆవిడ చేతిసంచీ తెరిచింది.

"ఇది నా పార్టీ. నేనే కడతాను" అంది.

అలా ఎలా కుదురుతుందని నేనన్నాను. చాలా మెల్లగా అన్నాను. ఆవిడకు వినబడలేదు, నేను రెండోసారి అనలేదు.

సోమవారం క్లాసుకు వెళ్తే పిల్లలు బోర్డు తుడిచి సిద్ధంగా ఉన్నారు, తర్వాతి లెక్క ఎప్పుడు సార్ అంటూ. మళ్ళీ నీళ్ళ తొట్ల దగ్గరికే వెళ్ళాను. తొట్లు ఎవరింటికీ భోజనానికి రావు.

ఆవిడ ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుందనుకున్నాం. పది రోజులు తిరక్కుండానే మా ఇంటి గుమ్మం ఎక్కేవాళ్ళు మొదలయ్యారు. కడుపుతో ఉన్నవాళ్ళు, వాళ్ళ తల్లులు, అత్తలు. బజారులో నన్ను లెక్కల మాస్టారనడం మానేసి, సిస్టరమ్మ గారి ఆయన అంటున్నారు. తలుపు తీయడం, కుర్చీలు వేయడం, టీ అందించడం నా వంతయ్యాయి.

మొన్న ఉదయం ఒక చిన్న జంట వచ్చింది. ఆ అమ్మాయిని మా ఆవిడ లోపలికి తీసుకెళ్ళింది. అబ్బాయి వరండాలో నా పక్కన కూర్చున్నాడు. కాసేపు కాళ్ళు ఊపి, ఆసుపత్రిలో ఎంత ఖర్చవుతుందండీ అని అడిగాడు. మామూలు కాన్పయితే ఎంత, ఆపరేషనయితే ఎంత, ఎన్ని రోజులుంటే ఎంత అని. గది అద్దె రోజుకింత, మొదట కట్టేది ఇంత. నా బుర్రలో నిలువు గీత అప్పుడే లేచి నిలబడింది. నోరు తెరిచాను కూడా. ఆ అబ్బాయి చేతులు చూశాను. తాళంచెవుల గుత్తిని ఇటు నుంచి అటుకు, అటు నుంచి ఇటుకు మార్చుకుంటూ ఉన్నాడు.

"భయంగా ఉందా బాబూ?" అని అడిగాను.

ఉందండీ అన్నాడు. మా అమ్మాయి పుట్టినప్పుడు నాకూ భయమేసిందని చెప్పాను. తర్వాత టీ పెడదామని లేచి వంటింట్లోకి వెళ్ళి, నలుగురికి పంచదార ఎన్ని చెంచాలు వెయ్యాలో తెలియక మా ఆవిణ్ణి కేకేశాను.